రిబ్కమ్మ గారి గిన్నె

మా వీధిలో నాకు పొగరని పేరు. నూజివీడు పోస్టాఫీసులో కౌంటర్ వెనక కూర్చుని రోజంతా "తర్వాత ఎవరండీ" అని అరిచే మనిషికి ఆ పేరు రావడం విశేషమేమీ కాదు. కానీ నాకది నోటి వల్ల రాలేదు, తలుపు వల్ల వచ్చింది. ఎవరైనా గేటు దగ్గర పిలిస్తే నేను తలుపు సందులోంచి వరండాలోకి జారి, వెనక తలుపు దగ్గరగా లాగేసి, అక్కడే నిలబడి మాట్లాడతాను. లోపలికి రమ్మనను. పూజారి ఉమాపతి గారి కూతురు కౌముది ఎవరినీ గుమ్మం తొక్కనివ్వదని చెప్పుకుంటారు. చెప్పుకోనీ అనుకునేదాన్ని. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. మా ఇల్లు చూస్తే ఇంకేం పేరు పెట్టేవారో, దానికన్నా పొగరే నయం.

మా అమ్మ సూర్యకాంతం పోయి రెండేళ్ళయింది. నాన్న పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఉన్నన్నాళ్ళూ ఆవిడ నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. "నువ్వు ఆఫీసు చూసుకో, పొయ్యి సంగతి నేను చూసుకుంటా" అనేది. అలాగే చూసుకుంది. ఒక మధ్యాహ్నం పప్పు దించి, కాస్త నడుం వాలుస్తానని పడుకుని, మళ్ళీ లేవలేదు. యాభయ్యో పడిలో, అన్నం వార్చడం కూడా రానిదాన్ని, నేను మిగిలాను.

అప్పటినుంచి బస్టాండు దగ్గరి కర్రీ పాయింటే నన్ను బతికించింది. కవరు ముడి విప్పడం, టేబుల్ మీదే తినడం, కవరు అక్కడే వదిలెయ్యడం. రేపు తీస్తానులే అనుకోవడం. టేబుల్ నిండింది, కుర్చీలకెక్కింది. అమ్మ చీరలు మడత పెడదామని బీరువాలోంచి తీసి, చేతులాడక సోఫాలో వదిలేశాను. వాటి మీద పేపర్లు, పేపర్ల మీద ఆన్‌లైన్లో తెప్పించిన వాటి అట్టపెట్టెలు, వాటి మీద కాలిపోయిన మిక్సీ. పారేద్దామంటే ఎప్పుడైనా పనికొస్తుందేమో అనిపించేది. చివరికి మంచంలో సగం, తలుపు నుంచి బాత్రూం దాకా ఒక కాలిబాట నాకు మిగిలాయి. వంటింట్లో గ్యాస్ పొయ్యి ఏ మూల ఉందో తెలుసు. దాని దగ్గరికి పోవడమంటే మామిడి సీజన్లో మార్కెట్ యార్డు ముందు లారీలు దాటుకుని పోవడమే.

సాయంత్రాలు ఎవరైనా వస్తే బాగుండుననిపించేది. వస్తారేమోనని భయం కూడా వేసేది. ఆ రెండింటి మధ్యా పొద్దుపోయేది.

శనివారం పొద్దున పాలు పోయడానికి వచ్చిన పార్వతి, పోశాక కూడా గేటు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

"ఎదురింటి రిబ్కమ్మ గారు వెళ్ళిపోతున్నారండి. చింతలపూడి ఆసుపత్రికి ట్రాన్స్‌ఫర్ అయిందంట. సోమవారం పొద్దున్నే బండి."

"తెలుసు" అన్నాను. నాకు తెలియదు.

"ఆవిడ గిన్నె ఒకటి మీ దగ్గర ఉండిపోయిందంటగా."

"ఉంది. ఇస్తాను."

"అడగడానికి మనసొప్పలేదంటండి ఆవిడకి. పారేసే ఉంటారులే పార్వతీ అన్నారు. పూజారి గారి ఇల్లు కదా, మా చేతి వంట తింటారా, ఏ కుక్కకో పెట్టి గిన్నె అవతల పడేసుంటారు అన్నారు. కోపంగా కాదులెండి, మామూలుగానే అన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండిందో మాత్రం వెంటనే తేలలేదు.

ఆ గిన్నె సంగతి ఇది. అమ్మ పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలందరూ బస్సెక్కేశారు. ఆ సాయంత్రం రిబ్కమ్మ గారు వచ్చారు. ఆవిడ నర్సు. డ్యూటీ చీరైనా మార్చుకోకుండా, మూతపెట్టిన స్టీలు గిన్నె కొంగుతో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. "మామిడికాయ పప్పండి. వేడన్నంలో కలుపుకోండి" అన్నారు. వేడన్నం నాకెక్కడిది? ఆవిడ వెళ్ళాక నిలబడే, గిన్నెలో చెయ్యి పెట్టి, అడుగుదాకా తినేశాను. అందులో ఉప్పు లేదు. వేసుకుందామంటే మా ఇంట్లో ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో నాకు తెలియదు, అమ్మనడగాలి. అది తట్టినప్పుడు ఏడ్చాను. అమ్మ పోయాక ఏడవడం అదే మొదలు.

గిన్నె కడిగాను. కానీ ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు కదా. ఖాళీగా పంపితే రాకపోకలు కూడా ఖాళీ అయిపోతాయనేది మా అమ్మ. ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి పంపేది. ఆకలి కనిపెట్టి పప్పు తెచ్చిన మనిషికి చెంచాడు పంచదార పంపడానికి నాకు చేతులు రాలేదు. నేనే ఏదైనా వండి ఇస్తాను, రేపు వండుతాను అనుకున్నాను. ఆ రేపు రాకుండానే గిన్నె ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. ఆవిడ ఒకటి రెండుసార్లు పలకరించారు. నేను తలుపు దగ్గరగా లాగి మాట్లాడాను. తర్వాత పలకరింపులు తగ్గాయి. అదీ నా పొగరు ఖాతాలోకే పోయిందనుకున్నాను. ఆవిడ లెక్క వేరేనని నాకేం తెలుసు?

పొగరంటే పడతాను. పెట్టిన తిండి కులం చూసి, మతం చూసి పారేసిందంటే మాత్రం పడను. సోమవారం ఆ బండి కదిలితే ఆ మాట కూడా ఎక్కి చింతలపూడి పోతుంది, ఇక జన్మలో దింపలేను. ఆ గిన్నె దొరకాలి, పొయ్యి దొరకాలి, పప్పు ఉడకాలి. ఆఫీసుకి ఫోన్ చేసి శనివారానికీ సోమవారానికీ సెలవు చెప్పేశాను.

మొదలుపెట్టడమంత కష్టం ఇంకోటి లేదు. హాలు మధ్యలో నిలబడి ఎటు చూసినా ఎక్కడ చెయ్యి పెట్టాలో తోచలేదు. తలుపు వేసుకుని మళ్ళీ సగం మంచంలో పడుకుందామనిపించింది కూడా. చివరికి కాలికి తగిలిన అట్టపెట్టెని ఒక్క తన్ను తన్నాను. అది వరండాలోకి పోయి పడింది. పనికొస్తుందన్న మాట ఆ రోజుకి నోట రానివ్వకూడదనుకుని, తర్వాతి దాన్నీ పంపించాను. కర్రీ పాయింటు కవర్లు గోనెసంచుల్లో కుక్కాను. మిక్సీని తిట్టుకుంటూ మోశాను. ఒక బకెట్టు అడుగున చిల్లుందని తెలిసీ దాచానట, ఎందుకు దాచానో ఆ బకెట్టుకే తెలియాలి. చీకటి పడేసరికి నడుము విరిగింది కానీ సోఫా కనిపించింది. అమ్మ చీరలు ఒళ్ళో వేసుకుని ఒక్కొక్కటే మడత పెట్టాను. రెండేళ్ళు చెయ్యలేననుకున్న పని, ఏడుస్తూనే అయినా, అయిపోయింది.

ఆదివారం వచ్చిన చెత్త బండి డ్రైవరు మా గేటు ముందు సంచుల గుట్ట చూసి నోరు తెరిచాడు.

"ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నారా అండీ?"

"లేదు బాబూ. ఇప్పుడే దిగుతున్నాను" అన్నాను.

అటువైపు రిబ్కమ్మ గారింట్లో కూడా సామాను కడుతున్నారు. రెండిళ్ళలోనూ ఒకే చప్పుడు. ఒకటి రెండుసార్లు వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. ఉత్త చేతులతో వెళ్ళి "నేను తిన్నానండీ" అంటే ఎవరు నమ్ముతారు?

మధ్యాహ్నానికి వంటింటి గట్టు బయటపడింది. పొయ్యి మీద దుమ్ము అట్టకట్టింది. పై అరలో హార్లిక్స్ సీసాలో తెల్లగా రాయిలా గడ్డకట్టి కనిపించింది ఉప్పు. రెండేళ్ళుగా తలెత్తితే అందేంత దూరంలోనే ఉంది. దాన్ని గట్టు మీద చేతికందేలా పెట్టాను. గిన్నె మాత్రం ఎక్కడా లేదు. మంచం కింద లేదు, బీరువాలో లేదు. ఒకవేళ నిజంగానే పారేశానా?

చివరికి దేవుడి గదిలో దొరికింది. అమ్మ పోయాక ఆ గది తలుపే తియ్యలేదనుకున్నాను, ఒకసారి తీసినట్టున్నాను. ఇల్లు నిండిపోతున్నప్పుడు అదొక్కటే ఖాళీ చోటు. అమ్మ దీపం పెట్టే పీట పక్కన, మూతతో సహా బోర్లించి పెట్టాను. గిన్నె అంచున చుక్కల అక్షరాలతో జె. రిబ్కమ్మ అని కొట్టించి ఉంది. దాన్ని గుండెలకి ఆనించుకుని కాసేపు అక్కడే కూలబడ్డాను.

సోమవారం పొద్దున్నే పార్వతి వాళ్ళ పెరట్లోంచి రెండు పుల్లటి మామిడికాయలు తెచ్చింది. తలుపు బార్లా తీసి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "రా లోపలికి. కుక్కర్ ఎన్ని కూతలకి దించాలో చెప్పు" అన్నాను. చెప్పింది. తాలింపు ఎర్రబడగానే దించమంది. చెంబు తీసుకుని మిగతా ఇళ్ళకి పాలు పోయడానికి పోయింది. వేలు కాల్చుకున్నాను, తాలింపు కొంచెం మాడ్చాను, కానీ పప్పు పప్పులాగే వచ్చింది. సగం రిబ్కమ్మ గారి గిన్నెలో పోసి, హాల్లో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, వీధి దాటాను.

మామిడి సీజన్లో బండి దొరకడమే గగనం. దొరికింది కాయలు తోలే బండే. దాని నిండా గడ్డి, రసాల వాసన. ఆవిడ భర్త జోజి గారు తాడు బిగిస్తున్నారు. రిబ్కమ్మ గారు ఇంటికి తాళం వేస్తున్నారు.

"మీ గిన్నె" అన్నాను.

"దాందేముందండీ, ఉంచుకోకపోయారా" అని అందుకున్నారు. మూత తియ్యలేదు.

"ఆ రోజు నేను తిన్నానండీ. మొత్తం తిన్నాను."

"అయ్యో, ఎవరి పద్ధతులు వాళ్ళవండీ. నేనేమీ అనుకోలేదు."

ఆవిడ నవ్వుతూనే అన్నారు. రోజంతా కౌంటర్లో నేను నవ్వే నవ్వు అలాంటిదే. దానికి అవతల ఏముందో నాకు బాగా తెలుసు. ఉప్పు తిన్న విశ్వాసం అంటారు, నేనా మాట చెప్పుకోవడానికి కూడా లేదు.

"అందులో ఉప్పు లేదు" అన్నాను.

జోజి గారి చేతిలో తాడు ఆగింది.

"ఏంటండీ?" అన్నారు రిబ్కమ్మ గారు.

"పప్పులో. వెల్లుల్లి దండిగా వేశారు, ఎండుమిర్చి వేశారు. ఉప్పు మాత్రం వెయ్యలేదు. పెట్టినవాళ్ళకి వంక పెట్టకూడదని నేను చెప్పలేదు."

ఆవిడ అక్కడే ట్రంకుపెట్టె మీద కూర్చున్నారు.

"ఆ రోజు ఈయన ముద్ద నోట్లో పెట్టుకుని అన్నారండి, ఉప్పేదీ అని. అప్పటికే మీకు ఇచ్చేశాను. సిగ్గేసింది. ఎన్నాళ్ళు చూశానో మీరేమైనా అంటారేమోనని. తిన్న మనిషి ఉప్పు లేదని ఒక్క మాటైనా అంటుంది కదా. మీరేమీ అనలేదు. గిన్నే రాలేదు. ఇక తినలేదనుకున్నాను."

"ఖాళీ గిన్నె ఇవ్వకూడదని..." అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. కాలిన వేలు నొక్కుకుంది, అయినా లాక్కోలేదు. "ఒక్కసారి ఇంట్లోకి రండి. కూర్చుందురుగాని" అన్నాను. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎండెక్కకముందే దిగబెట్టి ముసునూరులో కాయలకి పోవాలట. ఆవిడ బండెక్కి వీధి అవతల తెరిచి ఉన్న మా తలుపు వైపు చూశారు.

"రెండు కుర్చీలు వేశారే" అన్నారు.

"ఒకటి మీకేనండీ."

బండి కదిలింది. మలుపు తిరిగేదాకా నిలబడి ఇంట్లోకి వచ్చాను. ఇల్లు తుడిచి పెట్టినట్టుంది, కూర్చునేవాళ్ళే లేరు. ఇంత చాకిరీ ఎవరి కోసం చేశానో ఆ మనిషి వెళ్ళిపోయింది. అన్నం వండుకుంటున్నంతసేపూ ఆ మాట గుచ్చుతూనే ఉంది. పప్పు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు లేదు.

సీసా గట్టు మీద ఎదురుగానే ఉంది. దాన్ని చూసుకుంటూ వండి, వెయ్యడం మర్చిపోయాను. తల పగలగొట్టుకోవాలనిపించింది.

సాయంత్రం ఫోన్ వచ్చింది. "చేరామండీ" అన్నారు రిబ్కమ్మ గారు.

"పప్పు..." అన్నాను.

"తిన్నామండీ. చాలా బాగుంది."

సరేనని ఫోన్ పెట్టేశాను. చాలా బాగుందట. తిన్నారో, బండి కుదుపుకి ఒలికిపోయిందో, దారిలో పారేశారో, ఎలా తెలుస్తుంది నాకు? రెండేళ్ళు ఆవిడ ఎదురుగుమ్మంలో ఎలా గడిపారో అప్పుడర్థమైంది. నాకు ఒక్క పూటకే గుండె బరువెక్కింది. కంచం కడిగి బోర్లించాను. మళ్ళీ ఫోన్ మోగింది.

"ఇందాక అబద్ధమాడానండి. ప్రార్థనకి కూర్చుంటే మనసు ఒప్పలేదు" అన్నారు. "ఉప్పు లేదండీ మీ పప్పులో. అస్సలు లేదు. ఈయన రెండుసార్లు వడ్డించుకుని మరీ అంటున్నారు."

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను.

"ఎవరైనా వచ్చారా అండీ? ఇంకెవరో కూడా నవ్వుతున్నారు" అన్నారు ఆవిడ.

"ఎవరూ రాలేదండీ. సామానంతా తీసేశాను కదా, నా నవ్వే తిరిగొస్తోంది" అన్నాను.