సత్తిబాబు నలుపు

తొంభై తొమ్మిదిలో నా స్టూడియోకి కంప్యూటరూ, స్కానరూ, ప్రింటరూ వచ్చాయి. చోడవరమంతా రంగుల ఫొటోలకి ఎగబడుతుంటే నేనింకా నలుపు-తెలుపు పట్టుకు వేలాడుతున్నానని మా ఆవిడ ఎత్తిపొడిచేది. నిజమే. ఇరవై ఏళ్ళు డార్క్‌రూమ్‌లో చేతులు నానబెట్టినవాణ్ణి, ఆ మమకారం ఊరికే పోతుందా? తీరా చూస్తే ఈ కొత్త ప్రింటరు నలుపు తియ్యమంటే పాచిపచ్చ తీసేది. ఒళ్ళు మండిపోయేది నాకు.

విశాఖపట్నంలో కంప్యూటర్లమ్మే అజయ్ నా గోల పడలేక రెండు సాఫ్ట్‌వేర్ సీడీలూ, డెన్సిటోమీటరనే కొలత మిషనూ పట్టుకొచ్చాడు. ఒక సాఫ్ట్‌వేర్ అన్ని రంగుల సిరాలూ కలిపి నలుపు చేస్తుంది. రెండోది ఒక్క నల్లసిరానే వాడుతుంది. మిషను కాగితం మీద పెడితే అక్కడెంత నలుపుందో అంకె చెబుతుంది. ఏది ఉంచుకోవాలో నేనే తేల్చాలి.

అప్పుడే రావికమతం నుంచి అచ్చియ్యమ్మ వచ్చింది. చెరకు పండించే మనిషి. భర్త సత్తిబాబు పోయి ఏడాది కావస్తోందట. కొంగుముడి విప్పి, చెమ్మకి సగం వెలిసిపోయిన చిన్న ఫొటో తీసింది.

"ఇదొక్కటే ఉంది బాబూ. ఇదీ పోతే ఆయన మొకం నాకింక లేదు. పెద్దది సేసియ్యి."

ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి, మొదటి సాఫ్ట్‌వేర్ తెరిచాను. మరకలు తుడిచాను, పచ్చదనం ఎలాగో సర్దాను. నా పాత డార్క్‌రూమ్ ప్రింట్లలో మొహాల మీద మిషను పెడితే వచ్చిన అంకే ఇక్కడా వచ్చేదాకా, కొలుస్తూ మొహం తెల్లబరిచాను. మా ఊళ్ళో స్టూడియోవాడెవడైనా చేసేదే. పెళ్ళికొడుకైనా, పోయినవాడైనా, ఒక చాయ తేలకపోతే కస్టమరు ఒప్పుకోడు. అంకె సరిగ్గా కుదిరింది. అజయ్ చప్పట్లు కొట్టాడు.

అచ్చియ్యమ్మ ప్రింటుని అటూ ఇటూ తిప్పింది. "ఈ బాబు ఎవులు?"

"మీ ఆయనేనమ్మా!"

"కాదు. మా ఆయన నల్లనోడు. ఈయనెవులో ఆఫీసరులాగున్నాడు."

"మిషను పెట్టి కొలిసేనమ్మా," అన్నాను విసురుగా.

"నలబయ్యేళ్ళు కాపరం సేసింది నేనా, నీ మిషనా?"

అజయ్ ఫక్కున నవ్వాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. అంతలోనే సిగ్గేసింది. ఆవిడకి మిగిలిన ఒక్క మొహాన్నీ పరాయివాడిది చేసేశాను.

"ఏపాటి నలుపమ్మా?"

చెయ్యి చాపింది. "దీనికన్నా నలుపే. మడిలోంచొచ్చి పక్కన కూకుంటే నేనే ఎర్రగా కనిపించీదాన్ని."

తెలుపు నుంచి నలుపు దాకా ఇరవై గళ్ళున్న పట్టీ ఒకటి ప్రింటు తీసి ఆమె చేతి పక్కన పెట్టాను. వేలితో ఒక్కో గడీ దాటుతూ వెళ్ళి ఒకచోట ఆగింది. "ఇదీ."

ఆ గడి మీద మిషను పెట్టి అంకె రాసుకున్నాను. ఆ అంకెకి తెస్తే మొదటి సాఫ్ట్‌వేర్‌లో మొహం బురదముద్దయింది. రెండోదాంట్లో మాత్రం నలుపులోంచి చెంప ఎముకా, కంటికింద ముడతా, గెడ్డం మీద గాటూ ఒక్కొక్కటే పైకొచ్చాయి. అజయ్ మొదటి సీడీ తీసి సంచిలో పెట్టేసుకున్నాడు.

అచ్చియ్యమ్మ ప్రింటు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. "బాబూ, మీరిద్దరూ కూసింత బయటికెల్లండి," అంది.

నా స్టూడియోలోంచి నన్నే పొమ్మంటోంది! కోపం రావాలి. రాలేదు సరికదా, ఇన్నేళ్ళ పనిలో అంత సంతోషం ఎప్పుడూ ఎరగను. అజయ్, నేనూ మెట్ల మీద నిలబడ్డాం. తలుపు సందులోంచి ఆమె గొంతు వినిపిస్తోంది.

"ఇదిగో, ఇనుకో. సెరుకు బాగా పండింది. మన సిన్నదానికి ఆడగుంట పుట్టింది. అచ్చం నీ రంగే. అందరూ నలుపన్నారు. నేను మాత్రం మురిసిపోయేను."