గిరగిర తిరిగే గుర్తు

"తప్పు ఆపరేటర్‌ది" అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి రమ్మని మా సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను పంపింది. ఆ ఆపరేటర్ మా వదిన. ఆ సంగతి మా యజమానికి తెలుసు. తెలిసీ నన్నే పంపాడంటే ఒళ్లు మండదా?

వదిన అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తుంది. అక్కడ వాడేది మా కంపెనీ ప్రోగ్రామే. ఫోన్ రాగానే తెరమీది జాబితాలో ఆ కేసు వెతికి నొక్కాలి. నొక్కగానే బండి బయల్దేరుతుంది. పోయిన వారం గుండెనొప్పి మనిషి కోసం ఆవిడ నొక్కితే, బండి కాస్తా కింది వరుసలో ఉన్న వేరే ఇంటికి వెళ్లింది. ఆయన చావు తప్పి బయటపడ్డాడు. ఈరోజు మధ్యాహ్నం విచారణ. తప్పు వదినదని తేలితే ఉద్యోగం ఊడుతుంది.

"సరిగ్గానే నొక్కాననుకుంటున్నా. ఏమోనే, ఇప్పుడు నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు," అంది వదిన. వారంగా అన్నం ముందు కూర్చుని కూడా ఆ కుడిచేతినే చూసుకుంటోంది. నాకు ఎవరినైనా కొట్టాలనిపించింది.

విచారణకు ముందే వెళ్లి ఆవిడ కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను. జాబితాను కిందికి లాగితే తెర ఆగి ఆగి ఈడ్చుకుంటూ కదిలింది. మా ప్రోగ్రాములో ఒక ఏర్పాటుంది. అది పెడితే, తెరమీది బొమ్మను కంప్యూటర్ ఎక్కడెక్కడ చెరిపి మళ్లీ గీస్తోందో అక్కడ ఎర్రగా మెరుస్తుంది. పెట్టాను. ఎవరూ ఏమీ ముట్టుకోకపోయినా తెరంతా ఎర్రగా మెరుస్తూనే ఉంది!

కారణం పైమూలన గిరగిర తిరుగుతున్న మా కంపెనీ గుర్తు. అది కాస్త కదిలినప్పుడల్లా జాబితా మొత్తాన్ని కంప్యూటర్ మొదటినుంచి గీస్తోంది. ఆ చాకిరీలో తెర వెనకబడుతోంది. లోపల వరుసలు జరిగిపోయినా కంటికి పాతవే కనబడుతున్నాయి. వదిన నొక్కింది కంటికి కనబడ్డ వరుసనే. కంప్యూటర్ తీసుకున్నది మాత్రం లోపల ఆ చోటికి జరిగొచ్చిన కింది వరుసని.

ఆ గుర్తును పట్టుబట్టి తిప్పించింది మా యజమానే. ఏది చూపించినా "ఇంకొంచెం మెరవాలి" అంటాడు గనక ఆయన్ని చాటుగా తళుకు సార్ అంటాం. ఆఫీసులో సరికొత్త కంప్యూటర్ మీద, నాలుగు వరుసల ఉత్తుత్తి జాబితాతో పరీక్షించి మాచేత చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇక్కడున్నవి డొక్కు కంప్యూటర్లు, చాంతాడంత జాబితా.

గుర్తును ఆపి చూశాను. వరుసలు చకచకా జరిగాయి. వెంటనే తళుకు సార్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"గుర్తు తీసేస్తే మన పేరెవడికి గుర్తుంటుంది? చెప్పింది రాసి రా. మీ వదిన సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

"ఆ మాట మీరే వచ్చి చెప్పండి సార్," అని ఠక్కున పెట్టేశాను.

విచారణ వేళకు వచ్చాడు, నామీద కారాలు మిరియాలు నూరుతూ. నిజంగా బండి కదలకుండా కంప్యూటర్‌ను కొత్తవాళ్లు నేర్చుకునే శిక్షణ పద్ధతిలోకి మార్చి, గుర్తును మళ్లీ తిరగనిచ్చాను. విచారణ అధికారిణి ముందే కుర్చీ చూపించాను. "మీ ప్రోగ్రామే కదా సార్. ఆ గుండెనొప్పి కేసు నొక్కండి."

నవ్వుతూ కూర్చున్నాడు. జాబితాను లాగాడు, నొక్కాడు. తెరుచుకున్నది ఎవరిదో కాలు బెణికిన కేసు. నవ్వు మాయమైంది.

"చెయ్యి జారింది. ఇంకోసారి నొక్కుతా," అన్నాడు.

అంతసేపూ గోడవారగా తలొంచుకుని నిలబడ్డ వదిన తలెత్తింది.

"ఇంకోసారి ఎక్కడిది సార్? బండి వెళ్లిపోయింది."