కంచు గొంతు

దస్తగిరి దూది ఏకే విల్లు భుజాన వేసుకుని, సందు మొదట నిలబడి నారిని ఒకసారి మీటాడు. ఆ మోత గాలిలో ఉండగానే అతని కుక్క కంచు అందుకోవాలి. దాని మొరుగుడు ఆదోని కోట కింది వీధులన్నిటికీ తెలుసు. దూదేకులవాడు వచ్చాడని చెప్పడానికి అతను ఏనాడూ కేక వేసి ఎరుగడు. ఈ ఉదయం కుక్క మెడ చాచింది, నోరు తెరిచింది. పొయ్యి ఊదే గొట్టంలోంచి వచ్చినట్లు ఒట్టి గాలి వచ్చింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

“యాందన్నా దస్తగిరన్నా, నీ కంచు సత్తయిపాయనే!” అన్నాడు టీ కొట్టు శేషన్న, గ్లాసులు కడుగుతూ.

“నీ టీ నువ్వు కాసుకో పో. గొంతులో దూది తగులుకున్యాది. దిగుతాది.”

దస్తగిరి కనుబొమల్లో ఎప్పుడూ దూది నూగు చిక్కుకుని ఉంటుంది కాబట్టి అవి నెరిశాయో లేదో ఎవరికీ తెలియదు. విల్లు మోసి మోసి కుడి భుజం కిందికి వంగింది. పత్తి మిల్లు కూలీల లాగే అతనూ పని దిగాక బెల్లం ముక్క నములుతాడు. లోపల పేరుకున్న పీచును బెల్లం దించుతుందని నమ్మకం. అతని భార్య హుసేనమ్మ మిల్లులో గింజలు ఏరుతూ ఏరుతూ దగ్గుపట్టి పోయింది. రొమ్ములో దూది గూడు కట్టిందనే అతను అందరికీ చెప్పాడు. ఆ తరువాత ఇంట్లో మిగిలింది కంచు. పిల్లగా ఉన్నప్పటి నుంచీ అది అతను దూది ఏకే చోటనే, ఎగిరే నూగులోనే పడుకునేది. అందుకే దాని గొంతు కింద నిమ్మకాయంత గడ్డ కనిపించినప్పుడు అతను ఎవరినీ అడగలేదు. తన వంతు బెల్లం కూడా దానికే పెట్టాడు. గడ్డ బత్తాయంత అయింది. నిన్నటి నుంచి తాగిన నీళ్ళు కూడా ముక్కులోంచి తిరిగి వస్తున్నాయి.

పశువుల ఆసుపత్రి ఆవరణ నిండా ఎద్దులు. కంచును ఒళ్ళో పెట్టుకుని దస్తగిరి గోడ వారన కూర్చున్నాడు.

“కుక్కకు ఆస్పత్రా! రేపు కోడిని తెస్తావేమప్పా?” అన్నాడు ఎద్దు పగ్గం పట్టుకున్న ఒకాయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దస్తగిరీ నవ్వాడు.

డాక్టరు చిన్నవాడు. గడ్డను వేళ్ళతో పట్టి పక్కలకు జరపబోయాడు. అది జరగలేదు.

“ఏం పెడుతున్నావు దీనికి?”

“బెల్లం సామీ. దూది దిగాలని.”

“దూది కాదయ్యా. గొంతు దగ్గర థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది, మనకూ ఉంటుంది. దానికి కాన్సర్. రాచపుండు అంటారే, అది.”

“కోసి తియ్యండి సామీ.”

“వేలికి కదిలితే తీయొచ్చు. ఇది కండకు కరుచుకుపోయింది. కత్తి పెడితే నెత్తురు ఆగదు, బల్ల మీదే పోతుంది. ఈ ఆయాసం చూస్తే ఊపిరితిత్తులకూ పాకినట్టుంది.”

“నా దూది వల్లనే కదా సామీ వచ్చినాది?”

“ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. నువ్వు చేసిందేమీ లేదు.” డాక్టరు చేతులు కడుక్కున్నాడు. “కావాలంటే ఒక సూది ఇస్తాను. బాధ లేకుండా పోతుంది.”

దస్తగిరి కుక్క వైపు చూశాడు. “గుమాస్తా గారింట్లో పని ఒప్పుకోనుండా. సాయంత్రం పిల్సుకొస్తా సామీ.”

దారిలో జేబులోని బెల్లం ముక్క చేతికి తగిలింది. పారేయలేదు, నోట్లోనూ వేసుకోలేదు. దూదయితే ఒకనాటికి దిగేది. తన వల్ల వచ్చిందే అయితే ఏదో ఒకటి మానుకుని చూసేవాడు. ఇప్పుడు మానుకోవడానికి కూడా ఏమీ లేదు.

కోర్టు గుమాస్తా వెంకోబారావు గారి పెరట్లో పాత పరుపులు విప్పి పోసి ఉన్నాయి. మంత్రాలయం ఆరాధనకు వెళ్ళే చుట్టాలు ముందు ఇక్కడ దిగుతారు. ఆయన భార్య కృష్ణాబాయి వంటింటి గడపలో నిలబడి చెప్పింది: “కుక్కను అటే కట్టు. ఒక్క వెంట్రుక పరుపులో కనిపించినా మళ్ళీ అన్నీ విప్పిస్తాను, చూడు.”

“అట్లనే బాయమ్మా.”

ఆమె కుక్క మెడ చూసింది. “అదేమప్పా?”

“రాచపుండంట.”

ఆమె లోపలికి వెళ్ళింది. కాసేపటికి పలుచని మజ్జిగలోంచి కరివేపాకు ఏరేసి, కొబ్బరి చిప్పలో పోసి తెచ్చి, బావి గట్టున దూరంగా పెట్టింది. “ఇదన్నా దిగుతుందేమో తాగించు.” దస్తగిరి చిప్పను కంచు మూతి దగ్గరికి జరిపాడు. అది వాసన చూసి, తల పక్కకు పెట్టుకుంది.

అతను దాన్ని కట్టలేదు. పని మొదలుపెట్టాడు. కొయ్య గూటం దెబ్బ పడినప్పుడల్లా నారి మోగి, ఉండలు కట్టిన దూది విచ్చుకుని లేచి కుప్ప మీద వాలుతోంది. మోత ఆగినప్పుడల్లా కుక్క గురక వినిపించేది. అది విని మళ్ళీ గూటం ఎత్తేవాడు. ఎప్పుడో కంచు లేచి, తడబడుతూ వచ్చి ఏకిన దూది అంచున పడుకుంది. ఇన్నేళ్ళలో ఒకరి పరుపు దూది మీద దాన్ని పడుకోనిచ్చింది లేదు. దస్తగిరి అదిలించలేదు. ఏకుతూ పోయాడు.

నారిమీద పీచు దులపడానికి ఆగినప్పుడు గురక వినిపించలేదు. అతను గూటం కింద పెట్టకుండా కొంతసేపు అట్లాగే విన్నాడు.

కృష్ణాబాయి గడపలోకి వచ్చింది. చూసింది. కేక వేయలేదు.

“దాని కింది దూది పరుపులో పెట్టొద్దప్పా,” అంది మెల్లగా. “నువ్వే తీసుకుపో. మిగతాది రేపు చేద్దువులే.”

“లేదు బాయమ్మా. మోడం పట్టినాది, వాన పడితే విప్పిన దూది తడుస్తాది. దీన్ని పూడ్సిపెట్టి ఇప్పుడే వస్తా.”

ఆ దూదిలోనే కంచును చుట్టి, రెండు చేతులా ఎత్తుకుని పెరటి తలుపు దాటాడు.

బావి గట్టున చిప్పలో మజ్జిగ అంచుదాకా అట్లాగే ఉంది. తెలుపు అడుగుకు దిగి, పైన నీరు తేరుకుంది.