దెల్ఫీనా సముద్రానికి వెళ్ళిన వేసవి

ఆగస్టులో టూరిన్ నగరంలో మిగిలేవాళ్ళు మూడే రకాలని పదిహేడో నంబరు మేడలో అందరూ అనుకునేవారు: మంచం పట్టినవాళ్ళు, జైల్లో ఉన్నవాళ్ళు, కాపలాదారులు. కార్ల ఫ్యాక్టరీ గేటు మూసిన మర్నాటికి ఊరికి ఊరే సముద్రానికి పరిగెత్తుతుంది. అక్కడ కూర్చోవడానికి జానెడు ఇసుక దొరకదు. అయినా వెళ్ళి తీరాలి. వెళ్ళకపోతే సెప్టెంబరులో మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ "పాపం, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. ఆ అడగడంలో జాలి చిటికెడు, సంతోషం చారెడు ఉంటుంది.

మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే దెల్ఫీనా ఆ ప్రశ్న చాలామందిని అడిగింది గాని తాను ఎన్నడూ అడిగించుకోలేదు. టోపీల దుకాణంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి మానుకున్న మనిషి. పద్దెనిమిదేళ్ళుగా వేసవి వస్తే వరాజ్జె తీరంలో ఒకే ఇల్లు, ఒకే గది. ఈ ఏడు జూలై చివర ఆ ఇంటావిడ ఉత్తరం రాసింది. గది ఎవరో జర్మన్ దంపతులు రెట్టింపు అద్దెకు తీసుకున్నారట, పాతదానివి కనుక నువ్వే అర్థం చేసుకోవాలట. అర్థం చేసుకునేదేగాని, అప్పటికే రెండో అంతస్తు నోర్మాకి కొత్త ఈతబట్టలు చూపించేసింది. నోర్మా చెవిన పడ్డ మాట చర్చి గంట కన్నా ముందే వీధంతా వినిపిస్తుంది.

అందుకని దెల్ఫీనా వెళ్ళింది. పదో తారీఖు సోమవారం పెట్టె పట్టుకుని కిందికి దిగి, కాపలాదారు సెకొండోకి తాళంచెవి ఇచ్చింది. ఊరెళ్ళేవాళ్ళంతా అతనికి తాళంచెవి ఇస్తారు, అతను మంగళ, శుక్రవారాల్లో ఇంటింటికీ వెళ్ళి పూలకుండీలకు నీళ్ళు పోస్తాడు. ఇవ్వకపోతే అనుమానమొస్తుందని ఇచ్చింది. అతి తెలివి అంటే అదే.

"జిరేనియం మొక్కలకి ఎక్కువ పొయ్యకు సెకొండో. వేళ్ళు కుళ్ళిపోతాయి."

"పద్దెనిమిదేళ్ళ బట్టీ పోస్తున్నానమ్మా. ఒక్కటి చచ్చిందా?"

స్టేషన్లో ఒంటిగంట దాకా కూర్చుని, సెకొండో భోంచేసి గురక పెట్టే వేళకి చెప్పులు చేతబట్టుకుని మెట్లెక్కి, దగ్గరుంచుకున్న రెండో తాళంచెవితో తలుపు తీసింది. కిటికీ రెక్కలు తెరవకుండా చీకట్లో బట్టలు మార్చుకుంటుంటే అప్పుడు తట్టింది, రేపు మంగళవారమని. రేపు సెకొండో తన ఇంటికే వస్తాడు.

మర్నాడు ఆరింటికల్లా తేలు కుట్టిన దొంగలా తన ఇంట్లోంచి తానే బయటపడింది. రెండోపూట దాకా తిరిగి రావడానికి లేదు. పేటలో రొట్టెల దుకాణాలన్నీ మూత, వంతు ప్రకారం ఒక్కటే తెరిచారు. అక్కడ పదిమంది నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా వరసలో నిలబడి ఉన్నారు.

"రేపే వెళ్తున్నామండీ," అన్నాడు ముందున్న పెద్దమనిషి, ఎవరూ అడగకుండానే.

"నేను నిన్ననే సముద్రం నుంచి వచ్చాను. ఒక్కరోజు పని ఉండి," అంది దెల్ఫీనా.

దుకాణదారు ఇద్దరి మొహాలూ చూసి రొట్టె చుట్టి ఇచ్చాడు. ఆ ఇద్దరి నోటా శుక్రవారం కూడా అవే మాటలు విన్నాడు.

పోయే చోటు లేక ఆమె మొదటి మంగళవారం ట్రాము ఎక్కి చివరిదాకా వెళ్ళింది. శుక్రవారం నది ఒడ్డున కూర్చుని, ఎద్దు తల బొమ్మ ఉన్న పచ్చ వీధికుళాయి కింద మొహం కడుక్కుని, రొట్టె, టమాటా తిన్నది. మేజోళ్ళు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టింది. పక్కన పేకాడే ముసలివాళ్ళు నాలుగో చెయ్యి తక్కువైందని పిలిస్తే వెళ్ళి ఆడి, ఆటకో పుల్ల ఐసు చొప్పున గెలిచింది. చాక్లెట్ పూసిన పుల్ల ఐసు నడివీధిలో నాకుతూ ఇంటికి వస్తుంటే, అరవై రెండేళ్ళ మనిషినన్న సంగతే గుర్తు రాలేదు.

ఇరవయ్యో తారీఖున ఇంకో చిక్కు వచ్చింది. ఊరెళ్ళినవాళ్ళు సెకొండోకి ఒక బొమ్మ కార్డు పంపడం ఆ మేడ ఆచారం. అతను వాటిని తన గది గుమ్మం పక్క చెక్కకి గుచ్చుతాడు, తిరిగొచ్చినవాళ్ళు వెనక్కి తిప్పి మరీ చదువుతారు. దెల్ఫీనా సొరుగులోంచి పాత వరాజ్జె కార్డు తీసి, "సముద్రం బాగుంది, ఆకలి బాగా వేస్తోంది" అని రాసి, తపాలా బిళ్ళ అంటించి, వీధి మలుపున ఎర్ర డబ్బాలో వేసింది. కార్డు అడుగున పడ్డ చప్పుడు విన్నాక గుర్తొచ్చింది. బిళ్ళ మీద తపాలా ముద్ర వరాజ్జె అని పడదు. టూరిన్ అని పడుతుంది.

డబ్బాలోకి చెయ్యి దూర్చింది. మణికట్టు దాకే పట్టింది.

ఇక పరువుకి పదకొండు రోజులే ఆయుష్షు. నోర్మా ఆ ముద్ర చూసిందంటే చచ్చేదాకా ఆ మెట్లెక్కే మొహం ఉండదు. ఆ రాత్రి ఏడ్చింది. తెల్లారాక, ఎలాగూ పోయే పరువే కదా, మంగళ, శుక్రవారాల దాకా ఆగడమెందుకని బుధవారమూ లేదు గురువారమూ లేదు, రోజూ బయల్దేరింది. నెలాఖరున పెద్ద వాన కురిసి వేసవి విరిగిపోయింది. మర్నాడు పళ్ళచక్రాల రైల్లో ఊరి అంచున ఉన్న సుపెర్గా కొండెక్కితే, ఊరి చుట్టూ ఆల్ప్స్ కొండలు కడిగి ఆరబెట్టినట్టు నిలబడి ఉన్నాయి. ఏటా ఈ వేళకి తాను వరాజ్జెలో నోర్మాకి చెప్పబోయే అబద్ధాలు కూడబెట్టుకుంటూ ఉండేది. తన ఊరు ఇంత బాగుంటుందని ఇన్నేళ్ళకి తెలిసినందుకు సిగ్గేసింది, ఆ సిగ్గు కన్నా ఎక్కువ సంతోషం కలిగింది.

ఆగస్టు ఆఖరి రోజున మళ్ళీ పెట్టె పట్టుకుని "తిరిగి వచ్చింది". గుమ్మంలో నోర్మా ఉంది, ఎండకి కమిలి ముక్కు మీద తోలు ఊడుతోంది. ఆరో వరసలో గొడుగు దొరికిందని, ఆల్చిప్పలు తిని వాళ్ళాయన నాలుగు రోజులు మంచమెక్కాడని, వచ్చేటప్పుడు కార్లో పదకొండు గంటలు కదల్లేదని చెప్పి, "చాలా బాగా గడిచింది," అని ముగించి, చెక్క మీద దెల్ఫీనా కార్డు తీసి వెనక్కి తిప్పింది.

దెల్ఫీనా పెట్టె కింద పెట్టేసింది.

బిళ్ళ మీద, ముద్ర మీద, రెంటికీ సరిపడా గుండ్రంగా కాఫీ మరక ఉంది.

"ఇదేమిటయ్యా సెకొండో, కప్పు పెట్టుకోడానికి కార్డే దొరికిందా నీకు?" అంది నోర్మా.

"వయసైపోయిందమ్మా. కంటికి ఆనడంలేదు," అన్నాడు సెకొండో, చీపురు వైపు చూస్తూ.

నోర్మా కార్డు గుచ్చేసి దెల్ఫీనా చేతులు పట్టుకుని చూసింది. "ఎండకి ఇంత చక్కటి రంగు వరాజ్జెలో రాదు. నిజం చెప్పండి దెల్ఫీనా గారూ, ఎక్కడికెళ్ళారు?"

గండం గడిచింది కదా, నోరు మూసుకుని పైకి పోవచ్చు. కానీ ఇరవై రోజులుగా చెప్పుకోడానికి మనిషి లేక ఆమె కడుపు ఉబ్బి ఉంది.

"ఎక్కడికీ వెళ్ళలేదు. ఇక్కడే ఉన్నా. నది ఒడ్డున కూర్చున్నా, కొండెక్కా. వాన వెలిసాక ఆ కొండలు చూడాలి నోర్మా, ఎంత..."

"పోన్లెండి, చెప్పడం ఇష్టంలేకపోతే," అంది నోర్మా మూతి ముడిచి. "డబ్బున్నవాళ్ళు పోయే సార్డీనియా దీవికేనా?"

సాయంత్రానికల్లా మేడంతా తేల్చేసింది, దెల్ఫీనా ఎవరో ఆస్తిపరుడితో సొంత పడవలో తిరిగొచ్చిందని.

తాళంచెవి తిరిగి తీసుకోడానికి ఆమె సెకొండో గదికి వెళ్ళింది.

"రెండు జిరేనియాలు పోయాయమ్మా," అన్నాడతను. "మొదటి మంగళవారమే మట్టి తడిగా ఉంది. మీరూ పోస్తున్నారని తెలుసు. నేను మానేస్తే నాకు తెలిసిపోయిందని మీకు తెలిసిపోతుంది కదా. అందుకని పోశా."

దెల్ఫీనా నవ్వడానికి పోయి కళ్ళు తుడుచుకుంది.

"ఇంతకీ ఆ కొండలు ఎలా ఉన్నాయమ్మా?" అన్నాడు సెకొండో. "ఆగస్టులో బాగుంటుందంటారు ఊరు. ఇరవై ఏడేళ్ళయింది, ఆ నెల్లో నేను ఈ గేటు దాటి. తాళాలన్నీ నా దగ్గరే ఉంటాయిగా."

గోడకి మేకుల మీద ఇరవై తాళంచెవులు, ఒక్కోదానికీ ఒక్కో ఇంటిపేరు. దెల్ఫీనా తనది తీసుకోబోయి ఆగిపోయింది.

"వచ్చే ఆగస్టులో ఇవన్నీ నాకియ్యి," అంది. "నీళ్ళు నేను పోస్తా. నువ్వు మంగళవారం కొండెక్కు, శుక్రవారం నదికి వెళ్ళు. అక్కడ పేకాటకి ఒక చెయ్యి తక్కువ."