పని వెతుక్కుంటూ పోయిన గొంతు

పొద్దున్నే లేచి బండి చైనుకి నూనె పెట్టడం, రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి చూడటం, ఆరీ ఆరని చున్నీని వెనక సీటు మీది సంచికి కట్టడం. పంతొమ్మిది రోజులుగా హేమశ్రీకి రోజు ఇలాగే మొదలవుతోంది. ఆ తర్వాత ఎక్కడ టీకి ఆగితే అక్కడ అదే ప్రశ్న.

"మా నాన్న గొంతు ఇటుగా ఏమన్నా పోయిందాండీ?"

వినుకొండలో పోలేదన్నారు. అద్దంకిలో టీ వడకడుతున్న మాబూబీ మాత్రం, రెండు నెలల కిందట ఒక శుక్రవారం పోయిందమ్మా అని చెప్పింది. రోడ్డుకి అడ్డం పడ్డ గేదెల్ని అదిలించి, పడమటి దారి పట్టిందట. కాస్త బొంగురుగా ఉంది, జలుబు చేసిందా దానికి అని కూడా అడిగింది. ముందు నుంచీ అంతేనండీ, అంది హేమశ్రీ.

హేమశ్రీ తండ్రి గురవయ్య ప్రత్తిపాడు దగ్గర మిరప చేలకి ముప్పై ఏళ్ళు కాపలా కాశాడు. మంచె మీద నిలబడి ఒక్కసారి "హో...య్" అన్నాడంటే, పండుకాయ చీల్చి గింజలు తింటున్న చిలకలు పక్క ఊరి చేలో కూడా లేచిపోయేవి. మధ్యాహ్నం ఆయన అన్నానికి దిగితే మంచె ఎక్కాల్సింది హేమశ్రీ. ఫోన్లో వీడియోలు చూసి ఫోన్లు బాగుచెయ్యడం నేర్చుకున్న పిల్ల. ఆ పనితోనే పాత బండి ఒకటి కొనుక్కుంది. కానీ చేలో కాయ ఉన్నన్నాళ్ళూ ఆ బండి పంచలోంచి కదిలేది కాదు.

మూడు నెలల కిందట నాన్న కేకని రికార్డు చేసి, నాలుగు నిమిషాలకోసారి దానంతటదే మోగేట్టు బ్యాటరీ మైకులో పెట్టి మంచెకి కట్టింది. నాన్న ఎండలో మాడిపోతున్నాడని, ఆయన సుఖం కోసమేనని అందరికీ చెప్పింది. చిలకలు మైకుకీ భయపడ్డాయి. వారం తిరక్కుండా చుట్టుపక్కల చేలన్నింట్లో పదకొండు మైకులు వెలిశాయి, అన్నీ గురవయ్యలాగే అరుస్తూ. ఎనిమిదో రోజు పొద్దున ఆయన కాఫీ అడుగుదామని నోరు తెరిస్తే లోపల గొంతు లేదు.

"పని లేని చోట ఏం చూసుకుని ఉంటుందే? ఎటో పనికి పోయుంటుంది," అంది నాయనమ్మ వెంకటరావమ్మ, చింతపండు పిసుకుతూ.

పక్కింటి సంతోషకుమారి వాళ్ళ మామగారి నిద్ర కూడా అలాగే పోయి ఏడాదికి తిరిగొచ్చింది కనక ఊళ్ళో ఎవరూ కంగారుపడలేదు. గురవయ్య మాత్రం నాలుగు నిమిషాలకోసారి చేలోంచి తన కేకే వినపడి తలెత్తి చూసేవాడు. అది చూడలేక హేమశ్రీ బండి తీసింది. నాలుగు రోజుల్లో తీసుకొస్తానంది. ఫోన్ చేస్తే ఆయన అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు ఫోను మీద వేలితో కొట్టేవాడు.

దోర్నాలలో తెలిసింది, గొంతు అడవిలో ఉందని. లోపలికి బండ్లు రానివ్వరు. గేటు దగ్గర బండి పెట్టి, పొద్దున సఫారీ జీపెక్కింది. ముందు వరసలో చీరాల నుంచి వచ్చిన రామచంద్రమూర్తి మాస్టారు మెడలో దుర్భిణీతో కూర్చున్నారు. జీపు నడిపే జాన్ బాషా ఆమె సంగతి విని అద్దంలోంచి చూశాడు.

"మీ నాన్నగారిదా మేడం అది? నెలన్నరగా ఇక్కడే. మంచి డ్యూటీ చేస్తోంది, కాదనను. కానీ పులి చిక్కిపోతోంది."

ఆమెకి ఆ మాట అర్థం కావడానికి గంట పట్టింది. ఆ గంటలో నెమళ్ళు కనిపించాయి, చెట్టుకి వీపు రుద్దుకున్న ఎలుగు వెంట్రుకలు కనిపించాయి. మాస్టారు ప్రతి పిట్టకీ పేరు చెప్పారు, రెండింటికి ఒకే పేరు చెప్పారు. తర్వాత జాన్ బాషా ఇంజను ఆపాడు. ఎండుగడ్డిలో పాతిక దుప్పులు మేస్తున్నాయి. వాటికి అటుపక్క గడ్డిలో కొన్ని చారలు మిగతా గడ్డి కంటే నెమ్మదిగా కదులుతున్నాయి.

"హో...య్!"

చెట్ల మీంచి వచ్చిందా కేక. దుప్పులు ఒక్క దూకులో మాయమయ్యాయి. పులి బస్సు తప్పిపోయిన మనిషిలా చతికిలబడి, చెట్ల కొమ్మల వంక చూసింది. దాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. మాస్టారు దుర్భిణీ దించేసి, అయ్యో పాపం అన్నారు.

హేమశ్రీ జీపులోనే లేచి నిలబడి నాన్నా అని పిలిచింది. పంతొమ్మిది రోజులుగా దారంతా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ చెప్పింది. తప్పయిందంది. నాయనమ్మ అడుగుతోందంది. మైకులన్నీ పీకించేస్తాను, మళ్ళీ మంచె ఎక్కుదువుగాని అంది. ఆకు కదల్లేదు. రైతులు ఆ మైకులు వదులుకోరని ఆమెకి తెలుసు, గొంతుకీ తెలుసు.

ఇంక బయల్దేరదాం మేడం, అన్నాడు జాన్ బాషా. అప్పుడొచ్చింది ఆమె నోట్లోంచి, ఎవరితోనూ అనని మాట.

"మైకు పెట్టింది నీ సుఖానికి కాదు నాన్నా. మంచె తప్పించుకుని బండి మీద పోవాలని. ఇప్పుడు కూడా ఇంటికి రావాలని లేదు నాకు. ఇటు నుంచి ఇటే ఘాట్ ఎక్కి హంపి పోతాను. అక్కణ్ణించి సముద్రం దాకా. ఒక్కదాన్నే."

పైన ఒక కొమ్మ, ఎవరో దాని మీంచి లేచినట్టు, ఊగి ఆగింది. పులి చెవులు అటు తిప్పింది. జీపు కదిలింది.

గేటు దగ్గర సంచి గట్టిగా కట్టుకుని ఇంటికి ఫోన్ చేసింది. నాయనమ్మ ఫోను కొడుక్కిచ్చింది. దూరంగా చేలో మైకు అరవడం వినపడుతోంది. దొరకలేదు నాన్నా అని చెప్పింది. ఇంకా ముందుకి పోతున్నానని కూడా చెప్పి, కాదంటూ పడే రెండు దెబ్బల కోసం చెవి రిక్కించింది.

దెబ్బలు పడలేదు. ఎవరో గొంతులో ఎండుటాకు ఇరుక్కున్నట్టు రెండుసార్లు దగ్గారు.

"ఒక్కదానివే ఏంటే? ఘాట్‌లో మలుపు మలుపుకీ హారన్ కొట్టు. లారీల వెనకాల పోవద్దు. పొద్దు వాలక ముందే ఎక్కడన్నా ఆగు, ఆగినచోటల్లా ఫోన్ చెయ్యి. ఆ హెల్మెట్ సంచికి తగిలించావా, తలకి పెట్టావా?"

సంచికే ఉంది. హేమశ్రీ తీసి తలకి పెట్టుకుంది. ఎక్కడ దాకా పోతావో చెప్పవేం అని గురవయ్య ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ఆమె ఫోను చెవికీ హెల్మెట్‌కీ మధ్య ఇరికించుకుని, అరగంట అలాగే బండికి ఆనుకుని నిలబడింది.

రెండు రోజుల తర్వాత జాన్ బాషా ఒక ఫోటో పంపాడు. పులి పొట్ట నిండా తిని, నీడలో వెల్లకిలా పడి నిద్రపోతోంది.

ఆమె అప్పటికి హంపి దాటింది. సాయంత్రం ఫోన్‌లో నాయనమ్మ దొరికింది. రోజూ నువ్వు ఆగిన ఊరు తెలిసిన దగ్గర్నుంచి మీ నాన్న రెండు గంటలు అరుస్తున్నాడే అని మొరపెట్టుకుంది. హేమశ్రీ, పోనీ వెనక్కొచ్చెయ్యనా అని అడిగింది.

"వద్దులేవే," అంది వెంకటరావమ్మ. "బొంగురు ఇప్పుడిప్పుడే తగ్గుతోంది. ఇంకొంచెం దూరం పో."