పాటల మీద కేక

వేడుకల్లో పాటలు వేసే ఆమెను వీధిలో అందరూ పాటలక్క అనేవారు. రెండు పెద్ద స్పీకర్లు, ఒక మిక్సర్, ఒక ల్యాప్‌టాప్, అందులో ఏళ్ల తరబడి ఏరి కూర్చిన పాటలు. అదీ ఆమె బతుకుతెరువు. వైర్లు లాగడం, స్పీకర్లు మోయడం తమ్ముడి పని. ఈ మధ్య అతనికి జనం ముందు తానే నిలబడి పాటలు వేయాలని ముచ్చట పుట్టింది. తుఫాన్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. ఆ పేరుతో అతన్ని పిలిచేది అతనొక్కడే.

సాయంత్రం పెళ్లి విందుకు పాటలు వరుసలో పెట్టుకుందామని ఆ పొద్దున ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. పేర్లన్నీ ఉన్నాయి. సగానికి పైగా పేర్ల పక్కన మాత్రం ఆశ్చర్యార్థకం గుర్తు. ఒకటి నొక్కింది. ఈ ఫైలు దొరకడం లేదు, ఎక్కడుందో చూపించమంది ల్యాప్‌టాప్. ఇంకోటి నొక్కినా అదే మాట. కిందికి జరుపుకుంటూ పోతే నాన్న పాటల పక్కనా అదే గుర్తు.

నాన్న బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ముందు గదిలో కూర్చుని సాధన చేస్తుంటే ఎవరో టేపు మీదికి ఎక్కించారు. వెనకాల అమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ టేపులు బూజు పట్టి పోకముందే పాటలక్క వాటిని కంప్యూటర్లోకి మార్చుకుంది. టేపులూ పోయాయి, ఆయనా పోయాడు, మిగిలినవి అవే.

తమ్ముడికి ఫోను చేసింది. "ఏరా, పాటల ఫోల్డరేమైనా కదిపావా?"

"నేనా? నాకేం తెలుసక్కా! వైరస్సేమో. ఆ మిస్సింగ్ అని చూపించేవన్నీ డిలీట్ కొట్టెయ్. లైబ్రరీ నీటుగా అయిపోద్ది."

ఆమె ఫోను పెట్టేసింది. మిస్సింగ్ అన్న మాట తానసలు అననే లేదు.

మేడ మీద అతని గది తలుపు తీయగానే ముక్కు మూసుకుంది. ఎండిపోయిన ఎంగిలి కంచం, అందులో చీమల బారు. టీ కప్పులో ఉబ్బిన సిగరెట్ పీకలు. తలగడ మీద తడి సాక్సులు. మౌసు పట్టుకుంటే వేళ్లు జిడ్డుగా అంటుకున్నాయి. కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది. తెర మధ్యలోనే తుఫాన్ అని ఒక ఫోల్డర్. తెరిస్తే తన పాటలన్నీ వరుసగా కనిపించాయి. హమ్మయ్య అనుకుని ఒకటి వేసింది.

పల్లవి సగానికి రాకముందే బూర ఊదినట్టు ఒక మోత, దాని వెనకే తమ్ముడి గొంతు: "తూ... ఫా... న్!"

ఆమె ఉలిక్కిపడింది. ఇంకో పాట వేసింది. అందులోనూ అదే కేక. నాన్నది వేసింది. ఆయన స్వరాన్ని సన్నగా, పట్టుదారంలా లాగుతూ తెచ్చి, ఊపిరి తీసుకోవడానికి ఆగే చోట సరిగ్గా ఆ కేక పడింది. అసలు పాటల కోసం కంప్యూటరంతా గాలించింది. ఎక్కడా లేవు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి ఉంది.

అప్పుడే తమ్ముడు ఏదో నములుతూ లోపలికొచ్చాడు.

"ఓ, చూసేశావా? ఎవడూ ఎత్తుకుపోకుండా ముద్ర వేశానక్కా."

"ఎత్తుకుపోయింది ఎవడ్రా?"

"ఇంట్లోవి తీసుకుంటే ఎత్తుకుపోవడం ఏంటి? మన పాటలేగా!"

"అసలువి ఏవి?"

"చోటు చాల్లేదు, తీసేశా. పాటలెక్కడికీ పోలేదుగా, ఇవిగో ఉన్నాయిగా."

"నాన్నవి కూడానా?"

"నాన్నకీ పబ్లిసిటీ వస్తుందని." నవ్వాడు. పళ్ల సందున నమిలిన ముద్ద కనిపించింది. ఆమె మొహం తిప్పుకుంది.

గొడవ విని అమ్మ తడి చేతులతో పైకొచ్చింది. "పోనీవే, చిన్నవాడు. తెలీక చేశాడు."

"ఈ చిన్నవాడికి బట్టతల కూడా వస్తోందమ్మా. ముందు ఇది విను."

క్లారినెట్ మొదలవగానే అమ్మ మంచం అంచున కూర్చుంది. మొహం మెత్తబడింది. కేక పడగానే అదిరిపడి కిటికీ వైపు చూసింది. బయట ఎవరో అరిచారనుకుంది. "మళ్లీ పెట్టు" అంది. మళ్లీ అదే చోట, అదే కేక. ఈసారి కొడుకు వైపు చూసింది.

"ఆయన ఊపిరి మీద ఉమ్మేశావు కదరా!"

"అబ్బా, అది ఎఫెక్టమ్మా."

అంత జరిగినా మధ్యాహ్నం అమ్మ వాడికి అన్నం పెట్టింది. వాడు ఏమీ ఎరగనట్టు వేళ్లు నాక్కుంటూ మారు వడ్డించుకున్నాడు. ఆ చప్పుడుకి పాటలక్కకు ముద్ద దిగలేదు. సగంలోనే చెయ్యి కడిగేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

తమ్ముడి ఫోల్డర్ ఇందులోకి తెచ్చుకుని, గుర్తు పడిన పేర్లకు దాని దారి చూపిస్తే చాలు, గుర్తులన్నీ ఒక్క దెబ్బకు మాయమవుతాయి. ఆమె చూపించలేదు. ఆ కేకతో ఉండేకన్నా లేకపోవడమే నయమనుకుంది. నాన్నది తప్ప ఆ పేర్లన్నీ ఎంచి తొలగించమంది. నిజంగానేనా అని ల్యాప్‌టాప్ అడిగింది. నిజంగానే అని నొక్కింది. నాన్న పేరు దగ్గర కాసేపు కూర్చుండిపోయింది. తర్వాత అదీ తీసేసింది. పాస్‌వర్డ్ మార్చి మూత వేసింది.

సాయంత్రం వ్యాను వచ్చింది. తమ్ముడు అలవాటుగా స్పీకర్ మీద చెయ్యి వేశాడు.

"తియ్యి చెయ్యి."

"ఇంకా కోపమేనా అక్కా?"

"కోపమైతే రెండ్రోజుల్లో పోయేది. నిన్ను చూస్తే రోత పుడుతోందిరా."

వాడు భుజాలెగరేసి గోడకి ఆనుకున్నాడు, పళ్లు కుట్టుకుంటూ. ఒక్కతే స్పీకర్ ఈడుస్తుంటే అమ్మ మెట్లు దిగి వచ్చి రెండో వైపు పట్టుకుంది.

"నీ నడుము పట్టేస్తుందమ్మా, వదులు."

"మాటలు తర్వాత. ముందు ఎత్తు."

ఇద్దరూ రొప్పుతూ వ్యానులోకి ఎక్కించారు. విందులో మిగిలిన పాటలతోనే నెట్టుకొచ్చింది. ఎవరైనా వచ్చి ఫలానా పాట అడిగితే, "అది లేదండీ" అంది. ఎందుకు లేదో ఎవరికీ చెప్పుకోలేదు.