గోల తీసేసిన పాట

గోల తీసేసిందట, గోలట, ఈ తెల్లటి గింజలు రెండూ తనే నా చెవుల్లో దోపి, విను అమ్మమ్మా, ఎంత క్లియర్‌గా ఉందో అంటోంది మనవరాలు, వింటున్నాను, తుడిచిన అద్దంలా ఉంది పాట, అదే నా కడుపుమంట, ఇందులో కుట్టుమిషను చప్పుడేదే, మా అక్క ఏదే అంటే, ఈ పాట పాడింది మీ అక్కా అని నవ్వుతోంది, పాడలేదే తల్లీ, బట్టలు కుట్టేది, రేడియో ముందు టేపురికార్డరు పెట్టి నేను బొత్తాలు నొక్కితే, ఆ గదిలోనే అక్క మిషను తొక్కుతూ, ఉండవే, ఈ ఒక్క కుట్టూ అయిపోనీ, నీ పాటకేం రైలు వెళ్లిపోతోందా అని నవ్వింది, అదంతా పాట మొదలయ్యేలోగా టేపులోకి ఎక్కేసింది, ఆ ఏడే జ్వరంతో ఆసుపత్రికి వెళ్తూ, సాయంత్రానికి వచ్చేస్తాగా, మిషను కదపకు అంది, రాలేదు, ఫొటోలు నాలుగున్నాయి, గొంతు మాత్రం ఆ ఒక్క క్యాసెట్‌లోనే.

ఏదే నా క్యాసెట్ అంటే, మా ఆఫీసులో పాత సామాను పెట్టెలో వేసేశాను అమ్మమ్మా, నిన్ననే లారీ వచ్చి తీసుకెళ్లింది, నువ్వే కదా ఫోన్‌లోకి ఎక్కించమన్నావు, ఎక్కించమన్నాను, మార్చమన్నానా, పాత టేపు బరబరలాడుతోందని ఫోన్‌కి కాస్త వినిపించిందట, ఆ ఫోనే పాట పేరు కనిపెట్టి అసలు రికార్డు ఇచ్చేసిందట, మొత్తం వినలేదా అంటే, మొత్తం ఎవరు వింటారు అమ్మమ్మా, పది సెకన్లు చాలు అంటోంది, పది సెకన్లు, పాట పల్లవి దాటకుండానే ఇంకో పాటకి దూకుతారు, లక్ష పాటలు జేబులో వేసుకుని ఒక్కటీ చివరిదాకా వినరు, ఎవరి చెవులు వాళ్లు మూసుకుని పక్కగదిలో మనిషి పిలిచినా పలకరు, మీకేం తెలుసే, పో నా ఎదట్నుంచి అని అరిచేశాను, అరిస్తే గింజ ఊడి కిందపడింది.

పోలేదు పిల్ల, నేల మీద కూలబడి నా మోకాలు పట్టుకుంది, సారీ అమ్మమ్మా, నాకు తెలీదు, ఎలా ఉండేది ఆ గొంతు, సన్నగానా, బొంగురుగానా, ఎలా ఉండేదేమిటి, చెప్తాను ఉండు అని నోరు తెరిచాను, అక్క మాటలు ఒక్కటీ పోలేదు, వరసగా వస్తున్నాయి, కానీ నా గొంతుతో వస్తున్నాయి, ఎంత వెతికినా నా ముసలి గొంతే, ఎందుకంటే అక్క పోయాక ఆ క్యాసెట్ వేసిన ప్రతిసారీ, వింటే ఆ పూట ముద్ద దిగదన్న భయంతో, టేపుని ముందుకి తిప్పి పాట దగ్గరే ఆపేదాన్ని, నలభై ఏళ్లు, ఆ గొంతు నా ఇంట్లోనే ఉంది, ఒక్కసారి కూడా నేను విననేలేదు.